అక్వేరియం ఫిల్టర్ మీడియా మార్చడం ఎలా: లోపలి బాక్టీరియాను పోగొట్టుకోకుండా

ఆదివారం తీరిక దొరికిందని ఫిల్టర్ విప్పుతారు. స్పాంజ్, రింగులు అన్నీ కొళాయి కింద పెట్టి మురికి పూర్తిగా పోయేదాకా కడుగుతారు, డాబా మీద ఎండలో ఆరబెడతారు, మెత్తబడ్డ స్పాంజ్ తీసేసి కొత్తది వేసి బిగిస్తారు. ఆ సాయంత్రం ట్యాంక్ చూడముచ్చటగా ఉంటుంది. బుధవారానికల్లా చేపలు నీటి పైకొచ్చి గుటకలు వేస్తుంటాయి. మేత ముట్టవు. గోల్డ్‌ఫిష్ అయితే రెక్కలు ముడుచుకుని ఓ మూలన అడుగున కూర్చుంటుంది. షాపులో అడిగితే “నీళ్లు పడలేదండీ” అని నీలం మందు సీసా ఒకటి చేతిలో పెడతారు.

కొత్త నీళ్లలో ఏ లోపమూ లేదు. ఇన్నాళ్లూ ఆ ట్యాంక్‌ను నడిపించిన బాక్టీరియా ఆదివారం నాడే కొంత కొళాయి కింద, మిగతాది ఎండలో పోయింది. పైగా ఆ నీలం మందు మిథిలీన్ బ్లూ అయితే, మిగిలిన నాలుగు బాక్టీరియాను కూడా అదే దెబ్బతీస్తుంది.

ఫిల్టర్‌లో ఉన్న స్పాంజ్, రింగుల్లాంటివాటిలో (వీటినే మీడియా అంటారు) చాలావరకు మార్చాల్సిన పనే ఉండదు. మార్చక తప్పనిదాన్ని కూడా, కొత్తది కొన్ని వారాలు పాతదాని పక్కన ఉన్న తర్వాతే తీయాలి. అది ఎలాగో చూద్దాం.

అసలు ఫిల్టర్‌లో ఏం బతుకుతోంది

చేపలు అమ్మోనియాను ఎక్కువగా మొప్పల ద్వారానే వదులుతాయి. మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్లి ఇంకొంత కలుస్తుంది. దాన్ని కొన్ని సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారుస్తాయి, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపలకు విషం. నైట్రేట్ మాత్రం చాలావరకు ఓర్చుకోగలిగినది, వారానికోసారి కొంత నీరు మారిస్తే అదుపులో ఉంటుంది.

పాత పుస్తకాల్లో రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని రాసి ఉంటుంది. మంచినీటి అక్వేరియంలలో ఆ పని ప్రధానంగా నైట్రోస్పైరా చేస్తోందని 1998లో తేలింది. 2015లో ఇంకో విశేషం బయటపడింది: నైట్రోస్పైరాలోనే కొన్ని రకాలు అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒంటిచేత్తో చేసేయగలవు. పేర్లు ఏవైనా మనకు కావాల్సిన సంగతులు మూడు. ఇవి నీళ్లలో తేలుతూ ఉండవు, ఏదో ఒక గరుకు ఉపరితలానికి జిగురు పొరలా అంటుకుని ఉంటాయి. వీటికి ఆక్సిజన్ నిరంతరం అందాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. మంచి పరిస్థితుల్లో ఈ.కోలి 20 నిమిషాల్లో రెండింతలైతే, వీటికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అందుకే కొత్త ట్యాంక్ కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అన్నీ ఒకేసారి కడిగి పారేస్తే మీ పాత ట్యాంక్ కూడా ఆ మొదటి రోజుకే వెళ్లిపోతుంది. తేడా ఏమిటంటే, ఈసారి లోపల చేపలు నిండుగా ఉంటాయి.

ఇంకో మాట. ఈ పొర ఫిల్టర్‌లోనే కాదు, గులకరాళ్ల మీద, డ్రిఫ్ట్‌వుడ్ మీద, మొక్కల ఆకుల మీద, అద్దాల మీద కూడా ఉంటుంది. మొక్కలు దట్టంగా ఉన్న ట్యాంక్‌లో ఫిల్టర్ విషయంలో కాస్త అజాగ్రత్తగా ఉన్నా గట్టెక్కవచ్చు. వాస్తు కోసమని హాల్లో పెట్టే ఫ్లవర్‌హార్న్, అరోవానా ట్యాంకులు అలా కాదు. అడుగున రాయి ఉండదు, మొక్క ఉండదు, చేప పెద్దది, మేత ఎక్కువ. భారమంతా ఫిల్టర్ మీదే. అలాంటి ట్యాంక్ ఉన్నవాళ్లు కింద చెప్పిన గడువుల్లో ఒక్క రోజు కూడా తగ్గించకండి.

మార్చాలా, కడిగితే చాలా?

తెల్ల కాటన్ సంగతి తేలిక. అది మురికిని పట్టడానికే ఉంది. పిండినా నీళ్లు దిగకపోతే పారేసి కొత్తది వేయండి, రెండు మూడు వారాలకోసారైనా ఫర్వాలేదు. కానీ ఒక చిక్కుంది. మన దగ్గర చిన్న ట్యాంకులతో పాటు ఇచ్చే టాప్ ఫిల్టర్లలో చాలావాటికి లోపల కాటన్ తప్ప ఇంకేమీ ఉండదు. అప్పుడు ఆ కాటనే బాక్టీరియాకు ఇల్లు. దాన్ని పూర్తిగా పారేస్తే అన్నీ పారేసినట్టే. ముందు అందులో ఓ గుప్పెడు సెరామిక్ రింగులో, గరుకు స్పాంజ్ ముక్కో చేర్చి నెలన్నర ఆగండి. ఆ తర్వాత కాటన్‌ను ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు.

స్పాంజ్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. గోధుమరంగుకు తిరిగిందనో, చూడ్డానికి బాగాలేదనో మార్చకండి. గుప్పిట్లో పిండి వదలండి. మళ్లీ పొంగితే బాగానే ఉన్నట్టు. నొక్కింది నొక్కినట్టే ఉండిపోయినా, వేళ్లకు పొడిపొడిగా ఊడివస్తున్నా దాని కాలం తీరింది.

సెరామిక్ రింగులు, లావా రాళ్లు, బయోబాల్స్ (ప్లాస్టిక్ బంతులు) విరిగి పిండి అయితే తప్ప మార్చనక్కర్లేదు. “ఆరు నెలలకోసారి మార్చాలండీ, రంధ్రాలు మూసుకుపోతాయి” అని కౌంటర్ వెనక నుంచి వినబడుతుంది. మూసుకుపోతే ట్యాంక్ నీళ్లలో నాలుగుసార్లు జాడిస్తే తెరుచుకుంటాయి. ఆ మాట రింగుల అమ్మకం కోసం చెప్పేదే.

యాక్టివేటెడ్ కార్బన్ వేరే బాపతు. అది మందుల అవశేషాలను, పసుపు రంగును, వాసనను పట్టుకుంటుంది. కొన్ని వారాల్లో దాని శక్తి అయిపోతుంది. మందు వేసి చేప కోలుకున్నాక, నీళ్లలోంచి ఆ మందు తీయడానికి తప్ప రోజువారీగా అది అక్కర్లేదని నా అభిప్రాయం. అయితే ఏడాదిగా అదే కార్బన్ సంచి ఫిల్టర్‌లో పడి ఉంటే, ఈపాటికి అది కూడా బాక్టీరియా కాపురమే. దాన్ని కూడా రింగులతో సమానంగా చూసి, మెల్లగా తీయండి.

జియోలైట్ అనే ఖనిజం అమ్మోనియాను నేరుగా పీల్చుకుంటుంది. భీమవరం, కైకలూరు వైపు చెరువుల్లో బస్తాలకు బస్తాలు చల్లేది ఇదే. అక్వేరియంలో అత్యవసరానికి మంచిదే, కానీ ఉప్పు వేసిన నీళ్లలో ఇది పట్టుకున్న అమ్మోనియాను తిరిగి వదిలేస్తుంది. చేపకు జబ్బు చేసిందని ఉప్పు వేసే అలవాటుంటే ముందు జియోలైట్ బయటికి తీయండి.

ఇక కార్ట్‌రిడ్జ్. వెనక తగిలించే హ్యాంగ్-ఆన్ ఫిల్టర్లలో ప్లాస్టిక్ చట్రానికి తెల్ల బట్ట, లోపల కార్బన్ పెట్టి అమ్ముతారు. డబ్బా మీద నెలకోసారి మార్చమని ఉంటుంది. అక్షరాలా పాటిస్తే నెలకోసారి బాక్టీరియాను చెత్తబుట్టలో వేసినట్టే. అదే ఖాళీలో పట్టేలా స్పాంజ్ కత్తిరించి పెట్టుకోండి. ఒకసారి కొంటే ఏళ్లు వస్తుంది.

ఎప్పుడు ముట్టుకోకూడదు

ట్యాంక్ పెట్టి మూడు నెలలు కాకపోతే వద్దు. చేపలకు మందు నడుస్తున్నప్పుడు, కొత్త చేపలు తెచ్చిన వారంలో కూడా వద్దు. సంక్రాంతికి ఊరెళ్లే ముందు రోజు ‘అంతా శుభ్రం చేసి వెళ్దాం’ అనిపించడం సహజం. సరిగ్గా ఆ రోజే చేయకూడదు. తేడా వస్తే చూసుకోవడానికి ఇంట్లో ఎవరూ ఉండరు.

రోహిణి కార్తెలో కూడా వాయిదా వేయండి. 25 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 32 డిగ్రీల దగ్గర 7.3కు పడిపోతుంది. ఆ కొద్దిపాటి ఆక్సిజన్‌తోనే చేపలూ బాక్టీరియా బతకాలి. పైగా వేడికి చేపల ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది.

అలాగే ఒక వారంలో ఒక్క పనే. గులకరాళ్లను సైఫన్‌తో లోతుగా శుభ్రం చేసిన వారం ఫిల్టర్ జోలికి వెళ్లకండి. ఫిల్టర్ ముట్టుకున్న వారం రాళ్లను వదిలేయండి.

చేతికి అందుబాటులో పెట్టుకోవాల్సినవి

ట్యాంక్ పనికి మాత్రమే వాడే రెండు బకెట్లు (సర్ఫ్ కలిపిన బకెట్ ఎంత కడిగినా వద్దు), మగ్గు, కొత్త మీడియా, వల సంచి, పాత టూత్‌బ్రష్, ఒక తువ్వాలు, యాంటీ-క్లోరిన్ (నీళ్లలోని క్లోరిన్‌ను తీసేసే మందు), అమ్మోనియా, నైట్రైట్ చూసే చుక్కల కిట్. పేపర్ స్ట్రిప్‌లకంటే చుక్కల కిట్ నయం. చాలా స్ట్రిప్‌లలో అమ్మోనియా గడే ఉండదు.

అడుగు 1: కొత్త మీడియాను కడగడం

ఇందులో ఇంకా బాక్టీరియా లేదు కాబట్టి కొళాయి నీళ్లే వాడొచ్చు. రింగుల పొడి పోయేదాకా, స్పాంజ్ కొత్త వాసన తగ్గేదాకా జాడించండి. సబ్బు, డెటాల్, వంటసోడా ఏదీ వద్దు. చివర్లో ఒకసారి ట్యాంక్ నీళ్లలో ముంచి తీయండి.

అడుగు 2: తోడు పెట్టడం

అసలు పనంతా ఇక్కడే ఉంది, చాలామంది వదిలేసేది కూడా ఇదే. పాలలో చెంచాడు పెరుగు వేసి కదపకుండా ఉంచినట్టు, కొత్త మీడియాను పాతదాని పక్కన పెట్టి వదిలేయాలి. పెరుగుకు ఒక రాత్రి చాలు, దీనికి 4 నుంచి 6 వారాలు కావాలి. మూడో వారంలో కొత్త స్పాంజ్ ఇంకా తెల్లగా కనిపిస్తోందని కంగారు పడకండి. రంగు మారడం మురికి లెక్క, బాక్టీరియా లెక్క కాదు.

ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. నీళ్లు ముందు పాత స్పాంజ్ గుండా వెళ్లి మురికి వదిలించుకుని, తర్వాత కొత్తదాన్ని తాకాలి. లేకపోతే కొత్తది మురికితో మూసుకుపోయి లోపలికి ఆక్సిజన్ అందదు. ఫిల్టర్‌లో చోటు లేదంటే కొత్త రింగులను వల సంచిలో పోసి, నీళ్లు తిరిగి ట్యాంక్‌లో పడే చోట వేలాడదీయండి. స్పాంజ్ ముక్కైతే రబ్బర్ బ్యాండ్‌తో పాతదానికి కట్టేయొచ్చు. ప్రవాహం, గాలి రెండూ అందాలి. ఒక మూల నిలవ నీళ్లలో నెలల తరబడి ఉంచినా పెద్దగా ప్రయోజనం ఉండదు.

పాత స్పాంజ్‌ను మగ్గులో పిండి, ఆ మురికి నీళ్లను కొత్తదాని మీద పోయడం చాలామంది చేసే పని. చేయండి, కాస్త తోడ్పడుతుంది. కానీ పిండగానే వచ్చేది ఎక్కువగా మట్టి, కుళ్లిన పదార్థం. మనకు కావాల్సిన పొర స్పాంజ్‌ను గట్టిగా అంటుకునే ఉంటుంది. అందుకే పోశాం కదా అని గడువు తగ్గించకండి.

అడుగు 3: మార్చే రోజు

ఉదయం మేత వేయకండి. ఒక పూట ఆకలితో ఉంటే పెద్ద చేపలకు ఏమీ కాదు, ట్యాంక్‌లో అమ్మోనియా మాత్రం తగ్గుతుంది.

చేయి నీళ్లలో పెట్టేముందు ఫిల్టర్, హీటర్ రెండింటి ప్లగ్గులూ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ బయటికి రావాలి. నీటి మట్టం తగ్గి వేడి హీటర్ బయటపడితే గాజు పగులుతుంది కూడా.

మొదటి బకెట్‌లో సగానికి ట్యాంక్ నీళ్లు తీసుకోండి. ఎటూ ఈ రోజు పారబోసే నీళ్లే కదా. ఫిల్టర్ విప్పిన వెంటనే రింగులు, స్పాంజ్ అన్నీ ఇందులో ముంచేయండి. ఈ పని జరుగుతున్నంతసేపూ పాత మీడియా తడిగానే ఉండాలి. ఆరిందంటే పోయినట్టే.

స్పాంజ్‌ను రెండు మూడుసార్లు పిండి వదలండి. నీళ్లు దిగడానికి దారి దొరికితే చాలు, తెల్లబడనక్కర్లేదు. రింగులను బకెట్‌లోనే అటూ ఇటూ తిప్పండి, ఒకదానికొకటి రుద్దకండి. నీళ్లు మరీ నల్లబడితే రెండో బకెట్‌లో ఇంకోసారి.

కొళాయి నీళ్లు ఎందుకు వద్దంటే క్లోరిన్ వల్ల. సరఫరా నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది. కొళాయి కింద ఒక్కసారి జాడిస్తే మొత్తం చావదని వాదించేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, జిగురు పొర లోపలున్న బాక్టీరియాకు ఎంతో కొంత రక్షణ ఉంటుంది. కానీ క్లోరిన్ మోతాదు రోజూ ఒకేలా ఉండదు. వానాకాలంలో పెంచుతారు, రిజర్వాయర్ పక్కన ఉన్న వీధులకు ఎక్కువే వస్తుంది. పారబోసే నీళ్లు బకెట్‌లో పెట్టుకుని ఈ జూదం ఎందుకు? బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు నిజమే. అయితే మీది అపార్ట్‌మెంట్ అయితే పై ట్యాంక్ ఎప్పుడు కడిగారో, అందులో బ్లీచింగ్ పౌడర్ ఎంత కలిపారో వాచ్‌మన్‌ను ఒకమాట అడిగి వాడండి.

అడుగు 4: మూడోవంతు మాత్రమే

తోడుకు పెట్టిన కొత్త మీడియా 4 వారాలు దాటితే, పాతదాంట్లో మూడోవంతు తీసి ఆ చోట దాన్ని పెట్టండి. 6 వారాలు దాటి, చేపలు తక్కువగా ఉన్న ట్యాంక్ అయితే సగం దాకా తీయొచ్చు. మిగతాదానికి కనీసం రెండు వారాలు ఆగాలి. ఈలోగా అమ్మోనియా, నైట్రైట్ సున్నా దగ్గరే ఉంటేనే రెండో విడత.

తీసిన పాతదాన్ని వెంటనే చెత్తబుట్టలో వేయకండి. వల సంచిలో పెట్టి ట్యాంక్‌లోనే, ఎయిర్ స్టోన్ బుడగల పక్కన రెండు వారాలు వేలాడదీయండి. తేడా వస్తే తిరిగి ఫిల్టర్‌లోకి తోసేయొచ్చు. కొత్తది ఒదిగిందని తేలాక పారేయండి.

లోపల ఒకే ఒక స్పాంజ్ ఉండే చిన్న పవర్ ఫిల్టర్ అయితే మూడోవంతు ఎలా? కత్తెర తీసుకోండి. పాత స్పాంజ్‌ను నిలువునా సగానికి కోసి, ఒక సగం పక్కన కొత్తదాంట్లో సగం పెట్టి బిగించండి. నెలన్నర తర్వాత మిగిలిన సగం మార్చండి. చూడ్డానికి అతుకులబొంతే, పని మాత్రం భేషుగ్గా జరుగుతుంది.

ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఉన్నవాళ్లకు ఇంకా సులువు. రెండోది కొని ట్యాంక్‌లో మొదటిదాని పక్కన పెట్టండి, టి-జాయింట్ వేసి గాలి రెండింటికీ పంచండి. 6 వారాల తర్వాత పాతది తీసేయండి. అసలు రెంటినీ ఉంచుకోవడమే మంచిది.

కానిస్టర్‌లో (ట్యాంక్ బయట మూసిన డబ్బాలా ఉండే ఫిల్టర్) మూడు నాలుగు ట్రేలుంటాయి కాబట్టి ఒక్కోసారి ఒక్క ట్రే మాత్రమే ముట్టుకోండి. పైపులు బ్రష్‌తో తోమే పని అదే రోజు పెట్టుకోకండి. వాటి లోపలి జిగురులో కూడా బాక్టీరియా ఉంది.

అడుగు 5: బిగించి నడపడం

మోటార్‌లో తిరిగే ఇంపెల్లర్‌ను మాత్రం టూత్‌బ్రష్‌తో బాగా తోమండి. దాని చుట్టూ వెంట్రుకలు, జిగురు పేరుకుంటాయి. ఫిల్టర్ ధార తగ్గిందని మీడియాను నిందిస్తుంటాం గానీ చాలాసార్లు దోషం ఇక్కడే ఉంటుంది. తోమాక ధార మళ్లీ పుంజుకుంటే, ఇంకా మీడియా మార్చడం ఎందుకో ఒకసారి ఆలోచించుకోవచ్చు.

ఫిల్టర్‌లో ట్యాంక్ నీళ్లు నింపి, గాలి పోయేలా కాస్త ఊపి, ప్లగ్ పెట్టండి. విప్పిన దగ్గర్నుంచి నడిచేదాకా అరగంట, మహా అయితే గంట. తీసిన నీళ్ల బదులు కొత్త నీళ్లు యాంటీ-క్లోరిన్ కలిపి, వేడి సరిపోయేలా చూసి పోయండి. ఆ రోజు పావు వంతుకు మించి మార్చకండి.

మొదటి గంట గోధుమరంగు దుమ్ము లేస్తుంది, అదే సర్దుకుంటుంది. మర్నాడో ఎల్లుండో నీళ్లు పాలలా తెల్లబడితే అది వేరే సంగతి, వెంటనే అమ్మోనియా చూడండి. బకెట్‌లో మిగిలిన నల్లటి నీళ్లు కరివేపాకు కుండీకి బ్రహ్మాండమైన ఎరువు, డ్రైనేజీలో పోయకండి. ట్యాంక్‌లో మందో ఉప్పో వేసి ఉంటే మాత్రం మొక్కలకు వద్దు.

తర్వాతి రెండు వారాలు

మర్నాటి నుంచి వారం పాటు రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్ చూడండి. మొదటి మూడు నాలుగు రోజులు మేత సగానికి తగ్గించండి. రెండు లెక్కలూ సున్నా ఉంటే రెండో వారంలో ఒకసారి చూస్తే చాలు.

కిట్ చూపించే అమ్మోనియా మొత్తం విషం కాదు. అందులో ఎంత భాగం విషరూపంలో ఉందన్నది పీహెచ్, అంటే నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 అయితే నూటికి ఒక్క పాలు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే నూటికి అయిదు పాళ్లు దాటుతుంది. కిట్ మీద అదే రంగు, చేప మీద దాదాపు పదింతల దెబ్బ. పీహెచ్ 8 దగ్గర ఉండే బోరు నీళ్లతో ట్యాంక్ నడిపేవాళ్లు కిట్‌లో అమ్మోనియా లీటరుకు 0.25 మిల్లీగ్రాములు కనిపించినా తేలిగ్గా తీసుకోకూడదు.

అలాగని మృదువైన నీళ్లే మేలనుకుని ఇంట్లోని ఆర్‌ఓ నీళ్లతోనే ట్యాంక్ నింపేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. బాక్టీరియా ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను మార్చేటప్పుడు నీళ్లలోని క్షారతను (పీహెచ్ పడిపోకుండా ఆపే నిల్వను) 7 మిల్లీగ్రాముల దాకా ఖర్చు చేస్తుంది. ఆర్‌ఓ నీళ్లలో ఆ నిల్వ దాదాపు ఉండదు. పీహెచ్ జారిపోయి 6 కంటే కిందికి వస్తే బాక్టీరియా పని బాగా మందగిస్తుంది. మీడియా మార్చినందువల్లే అమ్మోనియా వచ్చిందని అనుకుంటారు, కారణం నీళ్లలో ఉంటుంది. కొంత బోరు నీళ్లో, కొళాయి నీళ్లో కలుపుకోండి.

అమ్మోనియా కనిపిస్తే ఈ వరసలో చేయండి: మేత ఆపండి, పావు నుంచి మూడోవంతు నీళ్లు మార్చండి, వేలాడదీసిన పాత మీడియాను తిరిగి ఫిల్టర్‌లో పెట్టండి, గాలి పెంచండి. లెక్క సున్నాకు దిగేదాకా నీళ్లు రోజూ మార్చాలి. మనీ ప్లాంట్ తీగ ఉంటే దాని వేళ్లు నీళ్లలో మునిగేలా పెట్టండి, అది కూడా కాస్త లాగుతుంది.

నైట్రైట్ కనిపిస్తే ఉప్పు పనికొస్తుంది. నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి వెళ్లి ఆక్సిజన్ మోసే శక్తిని పోగొడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ దారికి అడ్డుపడుతుంది. 10 లీటర్లకు 1 గ్రాము చాలు, అంటే 100 లీటర్ల ట్యాంక్‌కు 10 గ్రాములు, రెండు టీస్పూన్లకు కాస్త తక్కువ. మగ్గులో కరిగించి కొద్దికొద్దిగా పోయండి. ఇంత పలచటి మోతాదుకు మొక్కలు కూడా తట్టుకుంటాయి.

సీసాల్లో అమ్మే బాక్టీరియా గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. కొన్ని పనిచేస్తాయి. కానీ వేసవంతా ఎండ పడే షెల్ఫ్‌లో ఉన్న సీసాలో బతికినవి ఎన్నో బయటి నుంచి చూసి చెప్పలేం. అదనంగా వాడుకోండి, తోడుకు బదులుగా మాత్రం వద్దు. జబ్బుల్లేని ట్యాంక్ ఉన్న స్నేహితుడు పిడికెడు పాత రింగులు ఇస్తే అది ఆ సీసాకంటే నయం. తడిగా, ట్యాంక్ నీళ్లలోనే ముంచి తెచ్చుకోండి. దాంతో పాటు నత్తలు వస్తే మాత్రం మీ అదృష్టం.

కరెంటు పోతే

మీడియా మార్చకుండానే బాక్టీరియాను చంపే పని ఇది. కానిస్టర్‌లో నీళ్లు బంధీగా ఉంటాయి. కరెంటు పోయి ప్రవాహం ఆగితే లోపలి ఆక్సిజన్‌ను బాక్టీరియాయే గబగబా వాడేసుకుంటుంది, గంటలు గడిచేకొద్దీ లోపల కుళ్లు మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లు నేరుగా చేపల మీదికి వస్తాయి. రెండు మూడు గంటలు దాటి పోయిందంటే, ప్లగ్ పెట్టేముందు కానిస్టర్ విప్పి లోపలి నీళ్లు పారబోసి, మీడియాను ట్యాంక్ నీళ్లలో ఒకసారి జాడించి నడపండి. ఇంకా రాదని తెలిస్తే రింగులను వల సంచిలో ట్యాంక్ పైభాగంలో వేలాడదీయండి.

ఇంటికి ఇన్వర్టర్ ఉంటే ఎయిర్ పంప్‌ను దాని లైన్ మీద పెట్టించండి. చిన్న పంప్ తినేది అయిదు వాట్ల లోపే, ఎలక్ట్రీషియన్‌కు పది నిమిషాల పని. ఆ గాలికి ఒక స్పాంజ్ ఫిల్టర్ తగిలించి ట్యాంక్ మూలన ఎప్పుడూ నడుస్తూ ఉండనివ్వండి. పెద్ద ఫిల్టర్ మోటార్ కాలిపోయినా, మీడియా మార్చే రోజు వచ్చినా, జబ్బు చేపను వేరే టబ్‌లో పెట్టాల్సి వచ్చినా, బాక్టీరియాతో నిండిన ఆ స్పాంజ్‌ను తీసి పెట్టుకోవడమే. టబ్‌లోకి వెళ్లిన స్పాంజ్‌ను మాత్రం మళ్లీ పాత ట్యాంక్‌లోకి తేకండి, జబ్బు కూడా దానితోనే వస్తుంది. మరిగే నీళ్లలో వేసి, బాగా ఎండబెట్టి, మళ్లీ మొదటి అడుగు నుంచి మొదలుపెట్టండి.